నాలుగో పోత

మాఘ బహుళ విదియ

కెజియ రాయమంది కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, అదీ సగంలో ఆపించేశారు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు తెలియదు. ఆ మాటే అంటే, "ఒత్తులతో నాకేం పని అమ్మమ్మా, తాతయ్యకి ఏం గుర్తుంటోందో, ఏం పోతోందో రాయి చాలు" అంది. మా వాడలో ఇళ్లూ ఆసుపత్రీ అన్నీ నీళ్ల మీద తేలే తెప్పలే. కెజియ మందు తెప్పలో నర్సు. మంచి పిల్లే. కానీ ఏం చెప్పినా నవ్వుతూ చెబుతుంది. నవ్వుతూ చెప్పేవాళ్ల మాట మీద నాకు నమ్మకం కుదరదు.

మా ఆయన పేరు నాంచారయ్య. ఈ వాడలో తెప్పకీ తెప్పకీ మధ్య మోకులు బిగించి, వాటి మీద బల్లదారి పరిచింది ఆయనే. ఆయన వేసిన ముడి విప్పాలంటే కత్తి పెట్టి కోయాల్సిందే అనేవారు. అలాంటి మనిషి మొన్న బల్లదారి నడిమధ్యలో ఆగిపోయాడు. ఇటు మా తెప్ప, అటు మంచినీళ్ల తెప్ప. ఎటు వెళ్లాలో తెలియలేదు. వెనకాల బిందెలు పట్టుకుని ఆడవాళ్ల వరస. "తాతా, జరుగు" అంటే జరగడు, "ఎనక్కి రా" అంటే రాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అప్పటికే అందరూ చూశారు. చూసినవాళ్లు ఊరుకోరు కదా, బల్లల మేస్త్రి చెవిన వేసే ఉంటారు.

వైశాఖ పున్నమికి నడక చూస్తారు. ఆనాటి పోటుకి బల్లలు బాగా ఊగుతాయి. ముసలివాళ్లంతా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తమ తెప్ప నుంచి పంచాయతీ తెప్ప దాకా నడిచి చూపించాలి. నడవలేనివాళ్లని ఒడ్డున ఉన్న మెరకకి పంపేస్తారు. తుఫాను లేచినప్పుడు ఒక్కొక్కరినీ మోసుకుని పరిగెత్తేంత మంది జనం లేరు, వాళ్ల తప్పు కూడా కాదు. మెరకలో నడవలేనివాళ్లకి మాత్రమే చోటు. నేను నడుస్తాను. కాబట్టి నేను ఇక్కడ, ఆయన అక్కడ. అక్కడికి పడవ వెళ్లేది పండక్కీ పబ్బానికీ.

మాఘ బహుళ చవితి

ఈ రోజు మొదటి పోత.

పోతకి ముందు కెజియ సన్నటి వెదురు పుల్లల కట్ట చూపించి చెప్పింది. తలలో ఉన్న ఒక్కొక్క కణంలోనూ ఇలాంటి గొట్టాలు ఉంటాయట. మైక్రో ట్యూబులంది. కణం కూలిపోకుండా నిలబడేదీ వాటి మీదే, లోపల సరుకు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేదీ వాటి మీదేనట. పూస మీద పూస పేర్చినట్టు ప్రొటీనుతో వాటిని కడుతుంది తల. కట్టినవి విడిపోకుండా ఇంకో ప్రొటీను తాడు చుట్టినట్టు పట్టి ఉంచుతుంది. వయసు మీద పడేసరికి పూసలు చేసే పని మందగిస్తుంది. తాళ్లు ఊడిపోయి ఉండలు చుట్టుకుంటాయి.

"అంటే మన బల్లదారే కదమ్మాయ్" అన్నాను.

"అదే అమ్మమ్మా. తాతయ్య తలలో బల్లలు ఊడిపోతన్నాయి" అంది.

నాకు ఒళ్లు మండింది. ఊరందరికీ బల్లలు బిగించిన మనిషి తలలోనే ఊడాలా?

ముక్కులో చుక్కలు వేస్తే ఆ పగలంతా తల కొత్త పూసలు చేస్తూనే ఉంటుంది. స్లాబు పోసినట్టు ఉంటుందని మా వాడలో దాన్ని పోత అంటారు. ఆ పూట ఎవరో ఒకరు దగ్గర కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. వాళ్లని పలుకుమనిషి అంటాం. ఏ తలపు నడిస్తే ఆ తలపుకి బల్లలు పడతాయి. పక్క తెప్ప అప్పాయమ్మకి పోత పడ్డనాడు మనవరాళ్లు పెళ్లిపాటలు పాడుతూ కూర్చున్నారు. ఇప్పుడామెకి కోడలి పేరు రాదు గానీ, తెల్లారేసరికి తలుపు దగ్గర కూర్చుని కనపడినవాళ్లందరికీ అప్పగింతలు పాడుతుంది.

ఒక తలకి నాలుగు పోతలే. ఆ తర్వాత ప్రొటీను చేసే మిషన్లు ఇంక లేవవట.

మా ఆడపడుచు శేషారత్నం తను కూర్చుంటానంది. మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. వద్దన్నాను. పొయ్యి మీద పాలు పెట్టి ఊరు చుట్టి వచ్చే మనిషి. నేనే కూర్చున్నాను. ఆయన పేరు, నా పేరు, చెల్లెలి పేరు చెప్పాను. చుట్టలు ఎక్కడుంటాయో చెప్పాను. బల్లదారి మీద పాకుడు ఎక్కడెక్కడ పడుతుందో, ఏ బల్లకి మేకు లేచిందో, పోటు వేళ ఏ వైపు నడవకూడదో, అన్నీ చెప్పాను. చెప్పాల్సింది ఒక్కటీ వదల్లేదు. ఆయన కళ్లు నా నోటి మీదే ఉన్నాయి. కాపురానికి వచ్చాక నా మాట అంత శ్రద్ధగా విన్నది ఈ రోజే.

ఫాల్గుణ శుద్ధ పంచమి

పోత పట్టింది. రాయాలంటే భయంగానే ఉంది, దిష్టి తగులుతుందేమోనని. పేర్లన్నీ చెబుతున్నాడు. నిన్న నైలాను తాడు ముక్క చేతికిస్తే పడవముడి వేసేశాడు.

ఒక్కటే తేడాగా ఉంది. బయటికి వెళ్లడం తగ్గించాడు. గడప దాకా వెళ్లి, ఒక కాలు బల్ల మీద పెట్టి, తీసేస్తున్నాడు.

"నీళ్లకని బయల్దేరావుగా, ఎల్లలేదేం?" అని అడిగాను.

"నాలుగో బల్ల మేకు లేచింది."

"అది నిరుడే కొట్టారుగా."

"కొట్టినా లేస్తది."

జాగ్రత్త తెలిసిందిలే అనుకుని సంతోషించాను.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

శేషారత్నం వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో రొయ్యల పులుసు, మూత లేదు. దారిలో సగం ఒలికించుకుని వచ్చింది.

"ఏం అన్నయ్యా, నా తెప్పకి రావడం మానేశావేంటి? అప్పుపడ్డావా నాకు?"

"గాలి లేస్తది" అన్నాడు ఆయన.

"ఎక్కడ గాలి? నా చెంగు కూడా కదల్లేదు."

"ఇప్పుడు లేదు. నడిమధ్యకి ఎల్లాక లేస్తది. లేచినాక చేసేదేముంది? ముందే చూసుకోవాల."

శేషారత్నం గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "వదినా, మా అన్నయ్య నోట్లో కూర్చుని నువ్వు మాట్లాడతన్నావేంటి?"

ఆమె వెళ్లాక అన్నం మాడింది. నా చేతిలో అన్నం మాడటం ఎప్పుడో గాని జరగదు. ఆమె మాట నన్ను అంతగా కుదిపింది. ఉడుకుమోత్తనంతో ఆ పులుసు నేను ముట్టుకోలేదు. ఆయన మాత్రం తిన్నాడు. ముల్లు ఉంటుందేమోనని ప్రతి రొయ్యనీ వేళ్లతో నలిపి చూసి తిన్నాడు. రొయ్యలో ముల్లెక్కడుంటుంది?

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

మందు తెప్పకి వెళ్లి కెజియతో పోట్లాడాను. పాత మందు పోశావా, ఇంకెవరికో పొయ్యాల్సింది పోశావా అని అడిగాను. ఆ పిల్లకి కోపం రాదు. అదే నా బాధ.

"ఆ రోజు ఏం చెప్పావ్ అమ్మమ్మా?"

"మంచిమాటలే చెప్పాను."

"ఒకటి చెప్పు, వింటాను."

"పాకుడు ఉంటది, చూసి అడుగెయ్యి అన్నాను."

"ఇంకోటి?"

"పోటు వేళ అంచుకి ఎల్లమాకు అన్నాను."

"ఇంకోటి?"

మంచం మీద నుంచి దిగేటప్పుడు తల తిరుగుద్ది, గోడ పట్టుకో అన్నాను. ఆ మాట బయటికి చెప్పలేదు. ఇంకొకటి వెతికాను. అందులోనూ జాగ్రత్తే ఉంది. దాని వెనకాల వెతికితే అక్కడా జాగ్రత్తే.

"పేర్లు కూడా చెప్పాను" అన్నాను చివరికి.

"పేర్లు చెప్పడానికి ఎంతసేపు పట్టింది?"

"కొంచెంసేపే."

"మిగతా పగలంతా ఆయన్ని భయం మీద నడిపించావు. నడిచినచోటే బల్లలు పడ్డాయి. మందు పని మందు చేసింది" అంది. ఈసారి నవ్వలేదు. అప్పుడు నమ్మాను.

ఇంటికి వచ్చాక మాత్రం కోపం ఆగలేదు. నేను చెప్పినవాటిలో అబద్ధం ఏముంది? పాకుడు లేదా? పోటు రాదా? పోయినేడు సుబ్బారాయుడి కోడలు బిందెతో సహా పడిపోలేదా? ఉన్న సంగతి చెబితే అది తప్పెలా అవుతుంది?

ఫాల్గుణ బహుళ పంచమి

రెండో పోత. ఈసారి ఆలోచించుకునే కూర్చున్నాను. ధైర్యం తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని ముందే అనుకున్నాను.

"నువ్వు పడవు. నీకేం కాదు. మోకు తెగదు. గాలి లేచినా బల్ల తిరగబడదు. నీళ్లలో పడినా ఎవురో ఒకరు చూస్తారు. చూడకపోయినా నువ్వు మునగవు. భయపడమాకు." పగలంతా ఇవే. సాయంత్రానికి నా నోరు పిడచకట్టింది. ఆయన మాత్రం నన్ను వింటూనే ఉన్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఇంటి కింద తెప్పని తేల్చి ఉంచే డ్రమ్ముల వైపు చూశాడు. ఎందుకు చూస్తున్నాడో అప్పుడు తట్టలేదు.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

ఇంకా పాడైపోయింది. తెల్లారి లేచిన దగ్గర్నుంచీ మోకులు తడుముతున్నాడు. మా తెప్ప నాలుగు మూలలా తిరిగి ముడి మీద ముడి వేస్తున్నాడు. స్నానానికి చెంబుడు నీళ్లు పోస్తే ముక్కు మూసుకుంటున్నాడు. "మునగను, మునగను" అంటున్నాడు.

శేషారత్నం సంగతంతా విని, నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

"వదినా, భయపడకు భయపడకు అని పొద్దుట్నించి సాయంత్రం దాకా చెవిలో చెబితే గేదె కూడా బెదురుద్ది. నా పెళ్లప్పుడు నువ్వు ఇట్టాగే నా పక్కన కూర్చుని, అత్త మంచిదేలే, కొట్టదులే అన్నావ్. అప్పటిదాకా కొడుద్దని నాకు తట్టనే లేదు."

"కొట్టిందా?"

"లేదు. కానీ చాన్నాళ్లు నేను ఆమె చెయ్యి లేస్తే చాలు వంగేదాన్ని."

అంత నవ్వేమిటో నాకు అర్థం కాదు. ఇంటి మనిషి మెరకకి పోయేలా ఉంటే పళ్లికిలించడం ఆమెకే చెల్లింది.

చైత్ర శుద్ధ షష్ఠి

మూడో పోత. ఈసారి నోరు తెరవలేదు. మాటలతోనే కదా తంటా. కెజియ తాడు ముక్కలు, చిన్న చెక్కలు ఇచ్చింది, ఆయన చేతికి పని ఉండాలని. ఆయన ముళ్లు వేస్తూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా బాగానే జరిగింది. చాలా బాగా జరిగింది. లోపల నాకు పొంగుతోంది.

ఆ తర్వాత ఏదో పెద్ద పడవ దూరంగా పోయింది. దాని అల వచ్చి తెప్పని లేపింది. అంత పెద్ద అలేం కాదు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుంటే పట్టుకుంది, వదలలేదు. ఇంకో అల వస్తుందేమోనని సాయంత్రం దాకా అలాగే పట్టుకుని కూర్చుంది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. దేవుడి మీద ఒట్టు.

చైత్ర శుద్ధ త్రయోదశి

ఆయనకి చెయ్యి కావాలి. మోకులు తడమడం తగ్గింది, ముక్కు మూసుకోవడం తగ్గింది. చెయ్యి దొరికితే బల్ల మీదికి కూడా వస్తున్నాడు. నా చెయ్యి కాకపోయినా పరవాలేదు. చేపలు అమ్మే పిల్లదైనా, ఎవరిదైనా సరే. దొరకగానే బిగించేస్తాడు, వదిలించుకోవాలంటే ఇద్దరు కావాలి. చెయ్యి లేకపోతే ఒక్క అడుగు పడదు. పున్నమి నాడు చెయ్యి ఉండకూడదు.

మాట్లాడితే తప్పు. ధైర్యం చెబితే తప్పు. నోరు మూసుకుంటే నా చెయ్యి తప్పు. ఇంక నేను ఊపిరి తీసుకోవడం తప్పవుతుందా అని కెజియని అడిగాను. "అదీ వింటాడు అమ్మమ్మా" అంది. "నువ్వు ఊపిరి బిగబట్టినప్పుడు ఆయన కూడా బిగబడతన్నాడు. నేను చూశాను."

నడక చూసే బల్లల మేస్త్రి గాబ్రియేలు మా తెప్ప ముందు నుంచి వెళ్తూ ఆగాడు. మా ఆయన చేతిలో ఉన్న నా చేతిని చూసి, "పున్నమికి కలుద్దాం పిన్నీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

చైత్ర బహుళ సప్తమి

మిగిలింది ఒక్క పోత. శేషారత్నం, కెజియ, నేను మందు తెప్ప అరుగు మీద కూర్చున్నాం. ఆయన లోపల నిద్రపోతున్నాడు.

"ఈసారి నేను కూర్చుంటా" అంది శేషారత్నం. "కూర్చోవడం కూడా కాదు. చుక్కలు పడగానే ఆయన్ని బల్లల మీదికి తీసుకెల్లిపోతా. బయటి వరస దాకా తిప్పుతా. పాత మోకులన్నీ ఆయనతోనే బిగిస్తా. పడితే పడతాం, తడిస్తే ఆరతాం."

నేను చచ్చినా ఒప్పుకోనన్నాను. బయటి వరసంటే దాని అవతల సముద్రమే. శేషారత్నం ఒకసారి తన తెప్ప కట్టు వదిలేసి, సగం దూరం కొట్టుకుపోయాక గాని చూసుకోలేదు. ఆ మనిషి చేతిలో పెట్టాలా?

"నీ చేతిలో పెట్టి మూడుసార్లు చూశాంగా వదినా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచినా బాగుండేది, తిరిగి ఓ మాట అనేదాన్ని.

కెజియ గొంతు సవరించుకుంది. ఆ పిల్ల నవ్వట్లేదంటే నాకు భయం.

"ఇంకో సంగతుంది అమ్మమ్మా. ఆఖరి పోతకి తలలో సరుకు చాలదు. కొత్త పూసలు కొన్నే తయారవుతాయి. మిగతావి పాత గొట్టాలు విప్పి తీసుకుంటుంది. ఆ రోజు నడవని దారుల నుంచే తీసుకుంటుంది. నువ్వు లేకుండా పోతేనే ఆయన నడుస్తాడు. నువ్వు కనపడకూడదు, నీ గొంతు వినపడకూడదు. కానీ ఆ రోజు రాని మనిషి, ఆ తర్వాత..."

"మర్చిపోతాడా?"

"చెప్పలేను. వదులవుతుంది. ఎంత వదులవుతుందో ఎవరూ చెప్పలేరు."

శేషారత్నం లేచి వెళ్లి, లోపల ఆయన మీద దుప్పటి సరిచేసి వచ్చింది. ఆ మనిషి దుప్పటి సరిచేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను ఉంటే నన్ను గుర్తుపెట్టుకుని మెరకకి పోతాడు. నేను లేకపోతే నన్ను మర్చిపోయి నా ఇంట్లో ఉంటాడు. ఇది ఎక్కడి న్యాయమో ఆ చుక్కలు కనిపెట్టినవాళ్లని అడగాలి. వాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు లేరా?

మెరకలో ఆయనకి ఎవరు అన్నం పెడతారు? చేప ముల్లు ఎవరు తీస్తారు? చెయ్యి కావాలన్నప్పుడు ఏ గోడ పట్టుకుంటాడు? నేను గుర్తున్నా అక్కడ ఆయనకి నేనేం పనికొస్తాను?

"పొద్దున్నే బయల్దేరండి, ఎండ ముదిరితే తల నొప్పి వస్తది ఆయనకి" అన్నాను శేషారత్నంతో. "నడుం తాడు కట్టుకోండి ఇద్దరూ." ఆమె తలూపింది. కట్టుకోదని నాకు తెలుసు.

వైశాఖ శుద్ధ పంచమి

నాలుగో పోత. నేను లేను.

రొయ్యలు ఎండబెట్టే తెప్ప మీద ఉన్నాను, ఊరికి ఆ చివర. రమ్మని ఎవరూ పిలవలేదు, అయినా రొయ్యలు తిరగేస్తూ కూర్చున్నాను. ఎండిన వాటినే మళ్లీ మళ్లీ తిరగేస్తుంటే, అక్కడి పనివాళ్లు చూసి, చాప నా చేతిలోంచి లాక్కున్నారు. బయటి వరసకి వీపు పెట్టి కూర్చున్నాను. చూస్తే అరుస్తానని.

అయినా చెవులు ఉంటాయి కదా. నీళ్ల మీద గొంతు చాలా దూరం వస్తుంది. మధ్యాహ్నం ఒకసారి పెద్దగా నీళ్లలో ఏదో పడిన చప్పుడు వినిపించింది. నా ప్రాణం పోయింది. ఆ వెంటనే శేషారత్నం నవ్వు వినిపించింది. దాని వెనకాలే ఇంకో నవ్వు. మగ నవ్వు. ఆ నవ్వు నేను విని ఏళ్లయింది. అది ఆయనదేనని పోల్చుకోవడానికి కూడా కాసేపు పట్టింది.

నేను ఎండలో అలాగే కూర్చున్నాను. మనసులో ఒక్కటే మాట. పడితే పడ్డాడు, తల తుడుచుకున్నాడో లేదో.

వైశాఖ శుద్ధ సప్తమి

"అక్కా, ఈ ఇంటావిడ ఎక్కడికెల్లింది?"

ఈ మాట అన్నది మా ఆయన. అన్నది నాతో. ఆయన నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అక్క అంటాడు.

"నేనే" అన్నాను. "లంకమ్మనే, నీ పెళ్లాన్ని" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నా చేతులు కొంగుని మెలిపెడుతున్నాయి, అది చూశాడు. మర్యాదగా నవ్వాడు.

"మా లంకమ్మ ఇట్టా ఒణకదక్కా. వచ్చేదాకా కూర్చో, మంచినీళ్లు తాగు" అన్నాడు. నా కుండలోని నీళ్లు నాకే ముంచి ఇచ్చాడు.

వైశాఖ పున్నమి

నడిచాడు.

పోటు బాగా ఉంది. బల్లలు లేచి పడుతున్నాయి. ముందు నడిచిన ముసలాయన సగంలో కూర్చుండిపోతే మోసుకెళ్లారు. మా ఆయన గడప దాటి, చేతులు వెనక్కి కట్టుకుని, చుట్ట నోట్లో పెట్టుకుని నడిచాడు. దారిలో ఒకచోట ఆగాడు. వంగి, వదులైన మోకు ఒకటి బిగించి మళ్లీ నడిచాడు. పంచాయతీ తెప్ప మీద జనం ఈలలు వేశారు.

గాబ్రియేలు పలక మీద రాసుకుంటూ, "ఇంట్లో ఎవరెవరు ఉంటారు బాబాయ్?" అని అడిగాడు.

"నేనూ మా ఆవిడా. లంకమ్మ."

"ఏదీ పిన్ని?"

ఆయన జనంలోకి చూశాడు. నా తల మీది నుంచి చూశాడు. "ఇక్కడే ఎక్కడో ఉంటది. దేనికీ బెదరదు ఆమె. వస్తదిలే."

గాబ్రియేలు నన్ను చూశాడు. నేను వేరే వైపు చూశాను. ఆ పిల్లాడు మంచివాడే, ఏమీ అడక్కుండా ముద్ర వేశాడు.

ఆయన ఇక మెరకకి వెళ్లక్కర్లేదు. సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను. ఇంటికి వచ్చి శేషారత్నాన్ని పట్టుకున్నాను.

"ఏం చెప్పావే ఆయనకి?"

ఆమె మొదటిసారి తల దించుకుంది. "నిన్ను పూర్తిగా వదిలేయాలంటే నాకు మనసొప్పలేదు వదినా. కెజియ వద్దన్నా చెప్పాను. మీ ఆవిడ ఉందన్నయ్యా అని దారి పొడుగునా చెబుతానే ఉన్నా."

"మరి నేను ఎదురుగా నిలబడితే అక్కా అంటాడేంటి?"

"ఉన్నది ఉన్నట్టు చెబితే మళ్లీ భయమే పోత పడుద్ది కదా. అందుకని కొంచెం మార్చి చెప్పా. మీ లంకమ్మ పులి అన్నయ్యా, దానికి గాలీ లేదు వానా లేదు అని."

కొంచెం మార్చిందట. ఇన్నేళ్లు ఆ మనిషితో కాపురం చేసింది నేను. ఇప్పుడు ఆయన తలలో ఇంకెవరో నా పేరు పెట్టుకుని కూర్చుంది. నా మొగుడి కోసం నేను ఆమెతో పోటీ పడాలి.

వైశాఖ బహుళ తదియ

కెజియ ఇంక రాయక్కర్లేదంది. అయినా రాస్తున్నాను. ఇది ఆ పిల్లకి ఇవ్వను.

పొద్దున గాలి లేచింది. మోకులు మూలిగాయి. మామూలుగా అయితే నేను తలుపులు బిగించి, ఆయన్ని లోపలికి లాగి, పొయ్యి ఆర్పేసేదాన్ని. ఆయన గడపలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నా వైపు చూస్తున్నాడు, ఈ పరాయి ఆడమనిషి ఏం చేస్తుందో చూద్దామన్నట్టు.

బుగ్గ లోపలి వైపు కొరుక్కున్నాను. బిందె తీసి చంకన పెట్టుకున్నాను. బల్ల మీద కాలు పెట్టాను. పక్కతాడు పట్టుకోలేదు. మెడ ఎత్తుకుని, శేషారత్నం నడిచినట్టు నడిచాను.

సగం దూరం వెళ్లేసరికి వెనక నుంచి పిలుపు.

"లంకమ్మా. ఎప్పుడొచ్చావే? వచ్చేటప్పుడు చుట్టలు పట్టుకురా."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మొహం కనపడుతుంది. "తెస్తాలే" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

చుట్టలు తెచ్చాను. ఆయన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కబుర్లు చెప్పాడు. బాగానే జరుగుతోంది అనుకున్నంతలో అన్నాడు, "పోటు బాగా ఉన్నప్పుడు తెప్ప అంచు నుంచి నువ్వు దూకుతుంటే చూడాలనుందే. చెల్లాయి చెప్పింది, ఈ వాడలో నీ అంత ఈత ఎవురికీ రాదని. రేపు దూకుతావా?"

చూద్దాంలే అన్నాను.

నాకు ఈత రాదు. మాది మెట్ట ఊరు, బావి తప్ప నీళ్లు ఎరగం. నీళ్ల మీద కాపురానికి వచ్చి, ఈత రాదని చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. కెజియకి తెలియదు. శేషారత్నానికీ తెలియదు, తెలిస్తే ఆ మాట చెప్పేది కాదు. ఆయనకి మాత్రం పెళ్లైన కొత్తలోనే తెలిసింది. ఒక్కరికి కూడా చెప్పలేదు. అప్పటినుంచీ ఇద్దరం బల్ల మీద నడిచినప్పుడల్లా అంచు వైపు తనే నడిచేవాడు, నన్ను లోపలి వైపుకి నెట్టి.

ఈ సాయంత్రం పంచాయతీ తెప్ప దాకా కలిసి వెళ్లాం. ఆయన లోపలి వైపు నడిచాడు.

రేపు పొద్దున్నే శేషారత్నం తెప్పకి వెళ్లాలి. ముందు దాన్ని నోరారా తిట్టాలి. ఆ తర్వాత ఈత నేర్పమని అడగాలి.